పాటిదిబ్బ నుంచి సదస్సు వేదిక దాకా: మీ ఊరి మీద పురావస్తు పత్రం ఎలా సిద్ధం చేయాలి

చలికాలం వస్తే పురావస్తు శాస్త్రవేత్తల వార్షిక సదస్సులు మొదలవుతాయి. ఒక్కో ఏడాది ఒక్కో ఊళ్లో, ఏదో ఒక విశ్వవిద్యాలయం ఆతిథ్యంలో రెండు మూడు రోజులు జరుగుతాయి. దేశం నలుమూలల నుంచి వచ్చినవారు తాము తవ్విన చోట్ల గురించి, చదివిన శాసనాల గురించి పత్రాలు సమర్పిస్తారు. పాతికేళ్లుగా వాటికి వెళ్తున్నాను. కార్యక్రమ పట్టికలో మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోని శాలిహుండం, శ్రీముఖలింగం, రామతీర్థం పేర్లు కనిపిస్తే మనసు నిండిపోతుంది. అయితే ఆ పత్రాలు చదివేవారు చాలాసార్లు ఆ ఊళ్లకు ఒకటి రెండుసార్లు వచ్చి వెళ్లినవారే. వంశధార ఒడ్డున పుట్టి, పాత ఊరు మట్టిలో కలిసి మిగిలిన పాటిదిబ్బ మీద పశువులను కాసి, ఏ వానకు ఏ గట్టు కోసుకుపోయిందో చెప్పగలిగినవారు ఆ హాల్లో కనిపించరు.

వాళ్లు అక్కడ ఉండాలి. మీరు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో బడి పంతులైనా, డిగ్రీ విద్యార్థి అయినా, గ్రామ సచివాలయంలో ఉద్యోగి అయినా, వ్యవసాయం చేస్తూ పాత రాళ్ల మీద ఆసక్తి ఉన్నవారైనా ఈ పని చేయగలరు. దారి వేసినవారు మన ప్రాంతంవారే. గిడుగు వెంకట రామమూర్తి గారిని వాడుక భాష ఉద్యమం కోసం తెలుగువారంతా తలుచుకుంటారు. ఆయన పుట్టింది శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో. పర్లాకిమిడిలో పిల్లలకు చదువు చెబుతూనే, ముఖలింగం గుడి శాసనాలను చదవాలన్న పట్టుదలతో పాత లిపిని స్వయంగా నేర్చుకున్నారు. కళింగను ఏలిన గాంగరాజు వజ్రహస్తుడి నడగాం రాగిరేకులను పరిష్కరించి, శాసనాల పత్రిక ఎపిగ్రాఫియా ఇండికాలో ప్రకటించారు. 1919లో శాలిహుండం బౌద్ధ క్షేత్రాన్ని వెలుగులోకి తెచ్చిందీ ఆయనే. పురావస్తు శాఖలో ఉద్యోగం లేకుండానే ఇదంతా చేశారు.

ముందుగా ఒక చోటు, ఒక ప్రశ్న

కొత్తగా వచ్చేవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే. "శ్రీకాకుళం జిల్లా ప్రాచీన చరిత్ర" అని శీర్షిక పెట్టి, పుస్తకాల్లో ఉన్నదంతా పోగుచేసి పది నిమిషాల్లో చదవాలని చూస్తారు. అందులో వినేవారికి తెలియనిది ఒక్కటీ ఉండదు. మీ దగ్గర మాత్రమే ఉన్నది ఏమిటో ఆలోచించండి. అది సాధారణంగా చాలా చిన్నదిగా ఉంటుంది.

మీ ఊరి చెరువు తూర్పు గట్టున కుండపెంకులు ఎంత మేర పరుచుకుని ఉన్నాయి? రచ్చబండకు ఆనించిన శాసనపు రాయి మొదట ఎక్కడ ఉండేది, దాన్ని ఎవరు, ఎందుకు తెచ్చారు? రైతులు పాటిమట్టిని బళ్లకెత్తి పొలాలకు తోలుకున్న దిబ్బ ముప్పై ఏళ్ల కిందట ఎంత ఎత్తు ఉండేది? ఇలాంటి ప్రశ్న ఒక్కటి చాలు.

శ్రీకూర్మం, శ్రీముఖలింగం చుట్టుపక్కల ఉండేవారికి నేను ప్రత్యేకంగా సూచించే అంశం ఒకటుంది. ఆ రెండు గుళ్ల శాసనాల పాఠాలు సౌత్ ఇండియన్ ఇన్‌స్క్రిప్షన్స్ అనే శాసన గ్రంథమాల అయిదో సంపుటిలో ఉన్నాయి. అది 1925లో అచ్చయింది. ఆ పుస్తకం చేతపట్టుకుని గుడికి వెళ్లి, అప్పుడు చదవగలిగిన పంక్తుల్లో ఇవాళ ఎన్ని మిగిలాయో ఒక్కో రాయి దగ్గరా నిలబడి చూడండి. ఎక్కడ సున్నం కమ్మింది, ఎక్కడ విద్యుత్ తీగల కోసం మేకులు దిగాయి, ఎక్కడ రాయి పొరలుగా ఊడిపోయింది, అన్నీ రాసుకోండి. ఒక్క మండపానికి ఈ పని చేసినా పత్రం తయారవుతుంది. గుడికి రోజూ వెళ్లగలిగినవారు తప్ప దీన్ని సరిగా చేయలేరు.

అంతకుముందు ఎవరు ఏమి రాశారో వెతకండి

ఈ మెట్టు దాటవేస్తే సదస్సులో మొదటి ప్రశ్నకే ఆగిపోతారు. భారత పురావస్తు సర్వే 1953-54 నుంచి ఏడాదివారీగా వెలువరించిన ఇండియన్ ఆర్కియాలజీ: ఎ రివ్యూ సంచికల్లో మీ ఊరు, పక్క ఊళ్లు ఉన్నాయేమో చూడండి. రామతీర్థం గురుభక్తులకొండ మీద పనిచేసేవారు అలెగ్జాండర్ రీ తవ్వకాల నివేదికను, శాలిహుండం మీద పనిచేసేవారు ఆర్. సుబ్రహ్మణ్యం గారి తవ్వకాల గ్రంథాన్ని చదవకుండా కలం పట్టవద్దు. పాత సంపుటాలు చాలావరకు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతాయి.

మన ప్రాంతం గురించి వెతికేవారికి ఒక చిక్కు ఉంది. శ్రీకాకుళం జిల్లా 1950లో, విజయనగరం జిల్లా 1979లో, పార్వతీపురం మన్యం జిల్లా 2022లో ఏర్పడ్డాయి. ఇప్పటి విజయనగరం ప్రాంతం 1950 దాకా విశాఖపట్నం జిల్లాలో, ఆ తరువాత 1979 దాకా కొంత విశాఖపట్నం, కొంత శ్రీకాకుళం జిల్లాల్లో ఉండేది. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా ఇప్పటి శ్రీకాకుళం జిల్లాలో చాలా భాగం గంజాం జిల్లా కింద ఉండేది. కాబట్టి పాత నివేదికల్లో మీ ఊరిని గంజాం, విశాఖపట్నం పేర్ల కింద వెతకాలి. శ్రీకాకుళాన్ని ఆంగ్లేయులు చికాకోల్ అని రాశారు. విజయనగరం అని వెతికితే హంపీ విజయనగరం వచ్చి పడుతుంది, పక్కన రామతీర్థమో బొబ్బిలో జోడించి వెతకండి. ఊరి పేరును ఆంగ్లంలో ఎన్ని రకాలుగా రాయడానికి వీలుందో అన్ని రకాలూ కాగితం మీద రాసుకుని, ఒక్కొక్కటీ ప్రయత్నించండి. రెండు రోజులు దీనికే పోతాయి. పోనివ్వండి.

చోటు దగ్గరికి ఎలా వెళ్లాలి

బయటి పరిశోధకుడి కంటే మీకు ఎక్కువ బలం ఉన్నది కాలం విషయంలో. ఆయన తనకు సెలవు దొరికినప్పుడు వస్తాడు. మీరు భూమి కనిపించేటప్పుడు వెళ్లగలరు. వరి కోసి, ఆ తరువాత వేసిన మినుము, పెసర కూడా తీసేశాక నేల బోసిగా ఉంటుంది. అప్పుడు పెంకులు ఎంత మేర ఉన్నాయో నడిచి చూడవచ్చు. తొలకరి జల్లు పడిన మర్నాడు మట్టి కడుక్కుపోయి ఎరుపు, నలుపు పెంకులు స్పష్టంగా తేలతాయి. గెడ్డలు (వాగులు) పొంగి తగ్గాక కోసుకుపోయిన గట్టును పక్క నుంచి చూస్తే మట్టి పొరలు కత్తితో కోసినట్టు కనిపిస్తాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను కూల్చినప్పుడు చెట్ల వేళ్లతో పాటు లోపలి మట్టి పైకి లేచింది. అంత బాధలో ఆ మట్టిని చూడమని ఎవరినీ అడగలేం. కానీ గట్టు కోసుకుపోయినప్పుడు, చెట్టు కూలినప్పుడు, బావి పూడిక తీసినప్పుడు అక్కడ ఉండేది ఆ ఊరివాళ్లే. కొన్ని రోజుల్లో అంతా మళ్లీ పూడిపోతుంది.

పొలంలో అడుగు పెట్టేముందు రైతును అడగండి. పాత రాళ్ల చుట్టూ తిరిగేవారిని గుప్తనిధుల కోసం వచ్చినవారని అనుమానించడం సహజం. అలాంటి దొంగతవ్వకాలు మన గుళ్లను ఎంత పాడుచేశాయో ఊరివారికి తెలుసు. అందుకే ఒంటరిగా, చీకటి పడ్డాక వెళ్లకండి. సర్పంచికో, ఊరి పెద్దకో ముందే చెప్పి, ఆ ఊరి మనిషిని ఒకరిని వెంట తీసుకెళ్లండి. "ఏమి బాబూ, నిధి కోసమా?" అని ఎవరైనా అడిగితే నొచ్చుకోకుండా నోటుపుస్తకం తెరిచి చూపించండి. కొలతలు, గీతలు తప్ప ఏమీ లేని ఆ పుస్తకం చూశాక వాళ్లే ఇంకో రాయి ఎక్కడుందో చెబుతారు. నాకు ఇలా చాలాసార్లు జరిగింది.

గునపం మాత్రం పట్టకండి. ఒక్క అడుగు లోతు కూడా తవ్వకండి. రక్షిత స్థలాల్లో అనుమతి లేకుండా తవ్వడం 1958 నాటి కేంద్ర చట్టం ప్రకారం నేరం. రాష్ట్రం రక్షించే స్థలాలకు రాష్ట్ర చట్టం ఉంది. రక్షణలో లేని దిబ్బ అయినా తవ్వవద్దనే నా మాట. ఎందుకంటే ఒక నాణెం ఏ పొరలో ఉందో తెలిస్తేనే అది సాక్ష్యం. పొర చెదిరిపోతే అది ఉత్త లోహపు ముక్క, తిరిగి అదే చోట పెట్టినా పోయిన సాక్ష్యం రాదు. భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి చట్టం చెబుతుంది. ఇల్లు కట్టుకుంటూ పునాదిలో విగ్రహమో రాగిరేకులో దొరికినవారు మీ దగ్గరికి వస్తే, భయపడకుండా తహసీల్దారుకు రాసివ్వమని చెప్పండి, ఆ అర్జీ రాయడంలో సాయపడండి. నూరేళ్లు దాటిన కళావస్తువులకూ, 75 ఏళ్లు దాటిన విలువైన రాతప్రతులకూ 1972 నాటి పురావస్తువుల చట్టం వర్తిస్తుంది. పెంకులను కూడా సంచిలో వేసుకుని ఇంటికి తేకండి. ఉన్నచోటే ఫోటో తీయండి.

వెంట తీసుకెళ్లవలసినవి ఎక్కువేమీ కావు. 30 మీటర్ల టేపు, బడిలో వాడే 15 సెంటీమీటర్ల స్కేలు, దిక్సూచి, గళ్ల నోటుపుస్తకం, పెన్సిలు, ఫోను చాలు. ప్రతి ఫోటోలో స్కేలు ఉండాలి, ఉత్తరం ఏ వైపో చూపించే బాణం గుర్తు ఉండాలి. స్కేలు బదులు చెయ్యో, చెప్పో, పెన్నో పెట్టిన ఫోటోను సదస్సులో ఎవరూ లెక్కలోకి తీసుకోరు. అక్షాంశ రేఖాంశాలు ఫోనులో చూసి పుస్తకంలో చేత్తో రాసుకోండి, ఫోను పోయినా అవి ఉంటాయి. పొలం పేరు, గరువు (మెట్ట నేల) పేరు, గెడ్డ పేరు ఊరివాళ్లు పలికినట్టే తెలుగులో రాయండి. "కోటదిబ్బ", "బొమ్మలమెట్ట" లాంటి పేరు ఒక్కోసారి పెంకుల కంటే ఎక్కువ చెబుతుంది. అలాగే ఆమదాలవలస దగ్గరి దన్నానపేటలో ఉన్నలాంటి పెద్దరాళ్ల సమాధులను తెలుగునాట చాలాచోట్ల రాక్షసగుళ్లు అంటారు. మీ ఊళ్లో ఆ మాట వినిపిస్తే వదలకుండా వెంటపడండి.

శాసనాన్ని ఫోటో తీయడం ఒక విద్య. మిట్టమధ్యాహ్నం తీస్తే అక్షరాలు కనిపించవు. సూర్యుడు ఉదయించిన గంటలోపు, లేదా అస్తమించబోయే గంటలో వెలుగు పక్క నుంచి పడుతుంది, అప్పుడు అక్షరాల లోతుల్లో నీడ నిలుస్తుంది. గుడి లోపలి చీకటి గోడలకు టార్చిని రాతికి దాదాపు ఆనించి పక్క నుంచి వెలిగించండి, కుడి నుంచి ఒకసారి, ఎడమ నుంచి ఒకసారి, పై నుంచి ఒకసారి. సుద్ద, పసుపు, పిండి, నూనె ఏదీ రాయకండి. కాగితం తడిపి, కుంచెతో కొట్టి, సిరా అద్ది అచ్చు తీసే పనిని శిక్షణ పొందినవారికి వదిలేయండి. మైసూరులోని పురావస్తు సర్వే శాసన విభాగం ఆ పనిలో ఆరితేరినది.

తేదీ లెక్కలో తప్పితే పత్రమంతా తప్పుతుంది

కళింగ ప్రాంతపు శాసనాలతో పనిచేసేవారు ఈ భాగాన్ని రెండుసార్లు చదవాలి. మన దగ్గర మూడు రకాల లెక్కలు కలగలిసి ఉంటాయి.

శాలివాహన శకం సులువు. 78 కలిపితే క్రీస్తుశకం వస్తుంది. నడగాం రాగిరేకుల్లో ఉన్న శకం 979 అంటే 1057-58. జనవరి 1 తరువాత, ఉగాదికి ముందు పడే తిథి అయితే 79 కలపాలి. అందుకే మాసం తెలియనప్పుడు రెండు సంవత్సరాలనూ గీతతో కలిపి రాయడం మంచిది. చాలాచోట్ల సంఖ్యను అంకెల్లో కాక మాటల్లో చెబుతారు. వజ్రహస్తుడి పట్టాభిషేక సంవత్సరాన్ని "వియత్, రుతు, నిధి" అన్నారు. వియత్తు అంటే ఆకాశం, సున్నా. రుతువులు ఆరు. నిధులు తొమ్మిది. సంఖ్యను కుడి నుంచి ఎడమకు పేర్చాలి కాబట్టి అది 069 కాదు, 960. అంటే 1038. ఎడమ నుంచి చదివి తొమ్మిది వందల ఏళ్లు వెనక్కి జరిగిపోయినవారిని చూశాను.

తొలి గాంగుల రాగిరేకుల్లో గాంగశకం ఉంటుంది. అది 5వ శతాబ్ది చివర మొదలయిందని పండితులు అంగీకరిస్తారు కానీ, కచ్చితంగా ఏ ఏడాది అన్నదానిపై వాదం ఉంది. 496 అనేవారు ఉన్నారు, 498 అనేవారు ఉన్నారు. మీరు దేన్ని అనుసరిస్తున్నారో పత్రం మొదటి పేజీలోనే ఒక వాక్యంలో చెప్పేయండి. అలా చెబితే ఎవరూ తప్పుపట్టరు.

అసలు కష్టం అంక సంవత్సరాలతో. తరువాతి గాంగులు, గజపతుల కాలపు శాసనాల్లో రాజు పాలనాకాలాన్ని "అంక" లెక్కలో చెబుతారు. ఈ లెక్కలో కొన్ని సంఖ్యలు అశుభమని వదిలేస్తారు. 1 ఉండదు, మొదటి ఏడాదినే 2 అంటారు. 6తో ముగిసేవి ఉండవు. 10 తప్ప సున్నాతో ముగిసేవీ ఉండవు. ఇప్పుడు శాసనంలో 25వ అంక అని ఉంటే అది పాలన మొదలైన 25వ ఏడాది కాదు. 1, 6, 16, 20 తీసేస్తే 21వ ఏడాది. నాలుగేళ్ల తేడా. శ్రీకూర్మంలోని ఒక దానశాసనం మీద నేను మొదటిసారి పత్రం చదివినప్పుడు ఈ లెక్క తెలియక, దానం చేసిన అధికారిని ఇంకో రాజు కాలంలోకి తీసుకెళ్లి కూర్చోబెట్టాను. సభలోని ఒక పెద్దాయన లేచి, కాగితం మీద సంఖ్యలు రాసి, ఓపికగా నాకు చూపించారు. ఆ కాగితం ఇప్పటికీ నా పుస్తకంలో ఉంది.

ఏ సదస్సుకు పంపాలి

మీ పత్రం తవ్వకాలు, కుండపెంకులు, దిబ్బల గురించి అయితే 1967లో ఏర్పడిన ఇండియన్ ఆర్కియలాజికల్ సొసైటీ సదస్సు సరిపోతుంది. అది చాలాకాలంగా చరిత్రపూర్వ యుగాన్ని అధ్యయనం చేసే సంఘంతోనూ, చరిత్ర సంస్కృతుల సంఘంతోనూ కలిసి ఉమ్మడిగా సదస్సు జరుపుతోంది. శాసనాలైతే ఎపిగ్రాఫికల్ సొసైటీ ఆఫ్ ఇండియా ఉంది. 1935లో పుణేలో మొదలైన ఇండియన్ హిస్టరీ కాంగ్రెస్ చాలా పెద్దది, దానిలో పురావస్తు విభాగం వేరుగా ఉంటుంది. మొదటిసారి వెళ్లేవారికి నా సలహా మాత్రం ఆంధ్రప్రదేశ్ హిస్టరీ కాంగ్రెస్. మీ ఊరి పేరు పలకగానే అది ఏ నది ఒడ్డున ఉందో తెలిసిన మనుషులు అక్కడ ఉంటారు. తెలుగులో చదవవచ్చా అని నిర్వాహకులను ముందే అడగండి.

దాదాపు అన్నిచోట్లా ముందు సభ్యత్వం తీసుకోవాలి, తరువాత నమోదు రుసుము కట్టాలి, గడువులోగా సంక్షిప్తి, అంటే పత్రం సారాంశం, పంపాలి. ప్రకటన వచ్చాక గడువు పెద్దగా ఉండదు. కాబట్టి ప్రకటన చూశాక పని మొదలుపెట్టాలనుకోకండి. వేసవిలో చోటు చూసి, వానాకాలంలో చదివి రాసుకుంటే చలికాలానికి సిద్ధంగా ఉంటారు. మన సాగు పనుల వరసకు కూడా ఇది సరిపోతుంది.

సంక్షిప్తి రాయడం

రెండు మూడు వందల మాటలు. దీన్ని బట్టే మీ పత్రాన్ని తీసుకోవాలా వద్దా అని నిర్ణయిస్తారు. "ఉత్తరాంధ్ర ఘనమైన చరిత్రకు నిలయం" అని మొదలుపెడితే ఆ వాక్యం వృథా అయినట్టే. ఇలా మొదలుపెట్టండి: "నాగావళి ఎడమ ఒడ్డున, ఫలానా గ్రామానికి ఉత్తరంగా అర కిలోమీటరు దూరంలో, సుమారు నాలుగు ఎకరాల మేర నలుపు-ఎరుపు కుండపెంకులు నేల మీద కనిపిస్తున్నాయి. మూడు వేసవుల్లో ఈ స్థలాన్ని గళ్లుగా విభజించి పరిశీలించాం." చోటు, పరిమాణం, మీరు చేసిన పని మొదటి రెండు వాక్యాల్లోనే వచ్చాయి. తరువాత అంతకుముందు ఈ చోటు గురించి ఎవరైనా రాశారా, మీకు తేలిందేమిటి, ఇంకా తేలనిదేమిటి చెప్పండి. తేలనిది చెప్పడానికి సంకోచించకండి. అది చదివే ఎవరో ఒకరు మీతో పాటు మీ ఊరికి వస్తారు.

"ప్రపంచంలోనే మొదటిది", "దేశంలోనే అతి పెద్దది" లాంటి మాటలు రాయకండి. పత్రికల్లో మన స్థలాల గురించి అలాంటి మాటలు చదివి మీకూ ఆవేశం కలగవచ్చు. పోల్చి చూపించలేని మాట ఒక్కటి ఉన్నా మిగతా నిజాలన్నీ అనుమానంలో పడతాయి.

పది నిమిషాల కోసం సాధన

చాలా విభాగాల్లో పది పదిహేను నిమిషాల కంటే ఎక్కువ ఇవ్వరు. గంట మోగితే సభాధ్యక్షులు ఆపేస్తారు. ఒక పేజీ నిదానంగా చదవడానికి రెండు నిమిషాలు పడుతుంది, కాబట్టి అయిదు పేజీలకు మించకూడదు. అయిదూ చదవకండి, చెప్పండి. తెర మీద చూపించే బొమ్మల్లో (స్లైడ్లలో) మొదటిది పటం కావాలి: వంశధార, నాగావళి, సముద్రం, మీ ఊరు. రాజస్థాన్ నుంచో అస్సాం నుంచో వచ్చినవారికి అది లేకపోతే మీరు చెప్పేది ఏదీ అందదు. రెండోది చోటు మొత్తం కనిపించే ఫోటో. తరువాత కొలతలు వేసిన గీత, ముఖ్యమైన పెంకులో అక్షరాలో నాలుగైదు, చివర మీ ప్రశ్న. ఎనిమిది బొమ్మలు చాలు.

తెలుగు అక్షరాలున్న బొమ్మలను తప్పనిసరిగా పీడీఎఫ్‌గా మార్చుకుని తీసుకెళ్లండి. ఒకచోట నా బొమ్మల్లోని తెలుగంతా అక్కడి కంప్యూటర్‌లో చిన్న చిన్న పెట్టెలుగా మారిపోయింది, శాసన పాఠం మొత్తం నోటితో చెప్పవలసి వచ్చింది. పెన్‌డ్రైవ్‌లో ఒకటి, ఈమెయిల్‌లో ఒకటి, కాగితం మీద ఒకటి ఉంచుకోండి. ఇంట్లో పురావస్తు విషయాలు ఏమీ తెలియనివారిని కూర్చోబెట్టి గడియారం పెట్టుకుని రెండుసార్లు చెప్పి చూడండి. మా అమ్మ విన్న పత్రాలే నేను బాగా చదివినవి. ఆవిడ "ఇంతకీ ఆ రాయి ఎవరిది?" అని అడిగిన చోటల్లా ఒక వాక్యం చేర్చేవాడిని.

ప్రయాణం గురించి ఒక్క మాట. శ్రీకాకుళం ఊళ్లో రైల్వే స్టేషను లేదు, శ్రీకాకుళం రోడ్ స్టేషను ఆమదాలవలసలో ఉంది. అక్కడ ఆగని బండి అయితే విజయనగరం జంక్షన్‌కో విశాఖకో వెళ్లి ఎక్కాలి. సదస్సు మొదటి రోజు ఉదయానికల్లా చేరేలా బయలుదేరండి. మీ పత్రం మూడో రోజైనా సరే, మొదటి రోజు ప్రసంగాలు వినకపోతే సగం లాభం పోతుంది.

హాల్లో

మీ వంతు అయిపోగానే బయటికి వెళ్లిపోకండి. ఇతరులు చెప్పేటప్పుడు ముందు వరుసలో కూర్చుని వినండి. ప్రశ్న వస్తే పూర్తిగా విని, తెలిసింది చెప్పండి, తెలియకపోతే రాసుకోండి. కొందరు గట్టిగా అడుగుతారు, మీ మీద కోపంతో కాదు. వాళ్ల గురువులు వాళ్లను అలాగే అడిగారు. భోజనాల దగ్గర పెద్దవారి పక్కన కూర్చోవడానికి వెనుకాడకండి. "అయ్యా, మాది శ్రీకాకుళం. మా ఊళ్లో ఇలాంటి పెంకులు దొరుకుతున్నాయి, ఒకసారి ఫోటో చూస్తారా" అని ఫోను చూపిస్తే కాదనేవారిని నేను చూడలేదు. పెంకు వంపు, అంచు, పూత చూసి కాలం చెప్పగలిగేవారు అక్కడ పది మందైనా ఉంటారు. ఏ పుస్తకమూ ఇవ్వలేని సాయం అది. వారు చెప్పింది అప్పుడే, వారి పేరుతో సహా రాసుకోండి. పత్రంలో ఆ మాట వాడుకుంటే వారి పేరు చెప్పడం మీ ధర్మం.

వచ్చాక

పూర్తి పత్రాన్ని సంపుటిలో అచ్చు వేయడానికి పంపమంటారు. వెంటనే పంపకండి. గడువు చూసుకుని, సదస్సులో వచ్చిన ప్రశ్నలన్నింటినీ ఒక కాగితం మీద రాసి, వాటితో మళ్లీ చోటు దగ్గరికి వెళ్లండి. కొలత ఒకటి తప్పి ఉంటుంది, ఒక ఫోటో మళ్లీ తీయవలసి ఉంటుంది. చోటు ప్రమాదంలో ఉంటే, అంటే ఇసుక కోసమో మట్టి కోసమో తవ్వుతుంటే, పటం, ఫోటోలు జతచేసి రాష్ట్ర పురావస్తు శాఖకు వేరుగా అర్జీ పెట్టండి. సదస్సులో చదివిన పత్రం కాబట్టి దానికి బరువు ఉంటుంది.

తరువాత పత్రాన్ని తెలుగులో చెప్పేలా సిద్ధం చేసుకుని ఊళ్లో చదవండి. బడి వరండా చాలు. సాయంత్రం పొలం పనులు అయ్యాక, బొమ్మలను గోడ మీద తెల్లగుడ్డ కట్టి చూపిస్తే నలభై మంది వస్తారు. చోటు చూపించిన రైతును ముందు కూర్చోబెట్టండి. మేము ఇలా చేసినప్పుడు, పటంలో నేను "ఉత్తర గరువు" అని రాసిన చోటు చూసి ఒక ముసలావిడ చెయ్యెత్తింది. "దాన్ని ఉత్తర గరువు అని ఎవరూ అనరు నాయనా. మా అత్తగారు బికిరివాళ్ల గరువు అనేది" అంది. బౌద్ధ భిక్షువులు, బికిరి. ఆ రెండు మాటలకు సంబంధం ఉందో లేదో నేను తేల్చలేదు, బిచ్చమెత్తేవారు ఎప్పుడో అక్కడ బస చేసి ఉండవచ్చు కూడా. అయినా ఆవిడ పలికినట్టే పటంలో ఆ పేరు దిద్ది, ఎవరు చెప్పారో కింద రాసి, అప్పుడు పంపాను. మీరు పంపేముందు కూడా పటాన్ని ఊళ్లోని పెద్ద వయసువారికి ఒకసారి చూపించండి.